ముల్లు లేని చేప వడలు

చేపల పులుసు కాచిన నాడు ఇంట పెద్దలకు పండుగ. పసిబిడ్డల తల్లికి మాత్రము అది పరీక్ష. ప్రతి ముక్కను వెదకి, నలిపి, బిడ్డ నోట పెట్టునంతలో ఆమె అన్నము చల్లారిపోవును. ఒక్కమారు ముల్లు గ్రుచ్చుకొన్న పిల్లవాడు మరల చేపను ముట్టడు. చూపు మందగించిన తాతగారి కష్టమును ఇట్టిదే. మాంసకృత్తులు సమృద్ధిగా గల ఆహారము ఇంటికి వచ్చియు, వాని అవసరము మిక్కుటముగా గల వారికే అందకపోవుచున్నది. ఈ చిక్కును తీర్చుటకు చేప వడలు మంచి ఉపాయము. హోటళ్ళలో కట్లెట్ అను పేర వడ్డించునది ఇట్టిదే.

మన బజారులలో విరివిగా దొరకు శీలావతి, బొచ్చె రుచిగల చేపలే. కాని వాని కండలో వెన్నెముకతో సంబంధము లేని సన్నని ముళ్ళు, కొనలు చీలి, దాగియుండును. పచ్చి చేపనుండి వీనిని తీయుట మిక్కిలి కష్టము. ఉడికించినచో కండ పొరలు పొరలుగా విడివడి ముళ్ళు వేళ్ళకు తగులును. కనుక మన వడకు చేపను ముందుగా ఉడికింపవలెను.

అందువలన ఒక నష్టమును కలదు. పచ్చి కండను ఉప్పుతో నూరినచో అందలి మాంసకృత్తులు కొంత కరగి జిగురగును. జపానువారి కమబోకో, థాయిలాండువారి తోద్ మన్ ప్లా పచ్చి చేపముద్దతోనే చేయుదురు. ఉడికిన కండలో ఆ జిగురు ఉండదు. మన వడ పెనముమీద విచ్చిపోవుటకు ముఖ్య కారణమిదియే. గృహిణి నేర్పులో లోపము గాదు. ఆ లోటును బంగాళాదుంపయు, కోడిగ్రుడ్డును తీర్చును.

కడిగిన చేప ముక్కలు అరకిలో తీసికొని, పసుపు, ఉప్పు, అరగ్లాసు నీరు చేర్చి, మూతపెట్టి, సన్నని సెగపై సుమారు 10 నిమిషములు ఉడికింపవలెను. నీరు వంచి, చల్లారిన పిమ్మట చర్మమును ముళ్ళను తీసివేయవలెను. తెల్లని కంచములో పలుచగా పరచి, వేళ్ళతో నలుపుచు రెండవమారు వెదకుట మరువరాదు. తొక్కతో ఉడికించి, ఆరబెట్టి, చిదిమిన బంగాళాదుంప 200 గ్రాములు, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి, పచ్చిమిరప కాయలు మూడు, అల్లము, కొత్తిమీర, మిరియాల పొడి, తగినంత ఉప్పు ఇందు కలుపవలెను. ముద్ద తడిగా నున్నచో వడ నిలువదు. అట్టి యెడల కొంచెము రొట్టె పొడి చేర్చవచ్చును. అరచేతిలో బిళ్ళలుగా తట్టి, గిలకొట్టిన గ్రుడ్డులో ముంచి, రొట్టె పొడి అద్ది, అరగంట చల్లని చోట నుంచినచో గట్టిపడును. పిదప పెనముపై కొద్ది నూనెలో, ఒక్కొక్క ప్రక్క మూడు నాలుగు నిమిషములు ఎఱ్ఱగా కాల్చవలెను. మొదటి ప్రక్క కాలక ముందే అట్లకాడ పెట్టరాదు.

చేప తాజాదనము విషయమున ఉపేక్ష పనికిరాదు. కన్ను ఉబ్బి తేటగాను, మొప్ప ఎఱ్ఱగాను, నొక్కిన కండ తిరిగి పైకి లేచునట్లును ఉండవలెను. కానాగంత వంటి సముద్రపు చేపలను మంచు లేక గంటల తరబడి ఎండవేడిమిలో నుంచినచో హిస్టమిన్ అను హానికర పదార్థము పుట్టును. వండినను అది నశింపదు.

వడల ప్రక్కన పచ్చి కూరగాయలుండుట ఉచితము. థాయిలాండులోను తోద్ మన్ ప్లాతో కీరదోస ముక్కలను పులుపుకలిపి వడ్డింతురు. మనము కీరదోస, టమాటా, ఉల్లి, కారట్టు తురుములపై నిమ్మరసము పిండుకొనవచ్చును. కీరదోసను ముందు రుచిచూడవలెను, చేదైనచో పారవేయవలెను. ఉప్పు ముందుగా వేసినచో నీరూరి ముక్కలు మెత్తబడును గనుక, వడ్డించునప్పుడే చల్లవలెను. పచ్చి చేపను కోసిన కత్తిపీటను సబ్బుతో కడుగక ఈ ముక్కలు తరుగరాదు.

ఇంత జాగ్రత్తపడినను ఎన్నడైన ముల్లు గొంతులో నాటుకొన్నచో, అన్నపు ముద్దయో అరటిపండో మ్రింగించు అలవాటు మానవలెను. అది ముల్లును మరింత లోనికి నెట్టవచ్చును. వెంటనే వైద్యుని కడకు పోవుటయే క్షేమము.

రెండుమార్లు వెదకుటకు పట్టు కాలము పావుగంట మాత్రమే. ఆ శ్రమ వంటయింటనే ముగిసినచో, భోజనపు వేళ బిడ్డ భయములేక తినును. తల్లియు అందరితో పాటు వేడి అన్నము తినగలుగును.