పాత స్టేషను – కొత్త రూపు

కామారెడ్డి జిల్లాలోని మహమ్మద్‌నగర్ ప్రాంతమువారు హైదరాబాదునకు పోవలెనన్నచో, కామారెడ్డిలో రైలెక్కి కాచిగూడలోగాని, సికిందరాబాదులోగాని దిగవచ్చును. ఈ రెండును నిజాము కాలమున వెలసిన స్టేషన్లే. వాడినుండి వేసిన రైలుమార్గము 1874లో సికిందరాబాదు చేరెను. కాచిగూడ స్టేషను భవనము 1916లో నిర్మింపబడెను.

ఆనాటి కొలతలు నేటి జనమునకు చాలవు. ఇరుకైన కాలివంతెనపై రెండు రైళ్ల జనము ఎదురుపడినచో తొక్కిసలాట కలుగవచ్చును. మెట్లెక్కలేని వృద్ధులకు లిఫ్టు కావలెను. సికిందరాబాదు స్టేషను పునర్నిర్మాణమునకు 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగెను.

ఇల్లు తిరిగి కట్టుకొనువాడు కొంతకాలము వేరొకచోట తలదాచుకొనును. స్టేషనును పూర్తిగా మూసివేయుటకు అట్టి వీలులేదు. ఒకవైపు రైళ్లు నడచుచుండగనే వేరొకవైపు పని సాగవలెను. కావున ప్లాట్‌ఫారములను కొన్ని కొన్నిగా మూయుచు, కొన్ని రైళ్లను చర్లపల్లి మొదలగు స్టేషన్లకు మరలించిరి. చర్లపల్లి కొత్త టెర్మినలు 2025 జనవరి 6న ప్రారంభమయ్యెను.

సికిందరాబాదు పాత ముఖద్వార భవనమును 2025లో కూల్చిరి. కాచిగూడలోని గుమ్మటముల భవనము నేటికిని నిలిచియున్నది. ప్రయాణికుల క్షేమము ముఖ్యము. పూర్వుల పనితనమునకును విలువ కలదు. ఏది తొలగింపవలెనో, ఏది నిలుపవలెనో తూచి నిర్ణయించుటయే నగరమును తీర్చిదిద్దువారి నిజమైన నేర్పు.