గని కాలనీలకు ఫోను ద్వారా కూరగాయల అమ్మకము
(కాసిపేట ప్రాంతపు చిన్న రైతులకు)

కాసిపేట మండలమునందు వర్షాధారమున ప్రత్తియు, బావులు, చెరువుల క్రింద వరియు ముఖ్యమైన పంటలు. వీనితోపాటు బోరు నీటి వసతి గల రైతులు పది గుంటలలోనో, ఇరువది గుంటలలోనో బెండ, వంగ, బీర, గోరుచిక్కుడు, ఆకుకూరలు పండించుచున్నారు. ప్రత్తిని గాని, వడ్లను గాని ఫోనులో ప్రకటించి అమ్ముటవలన ప్రయోజనము లేదు. వాని కొనుగోలు ఏర్పాటు వేరు. భారత ప్రత్తి సంస్థకు ప్రత్తి అమ్మదలచిన రైతులకై 2025లో 'కపాస్ కిసాన్' అను యాప్ వచ్చినది. అందులో పేరు నమోదు చేసి, తేదీ తీసికొని, తేమ 12 శాతమునకు మించకుండ ఆరబెట్టి తీసికొనిపోవలెను. ఆ పంట విషయమున ఫోను చేయగల సహాయము అంతే. ఈ వ్యాసమున చెప్పబోవునది కూరగాయలు, కందిపప్పు, నాటుకోళ్లు, బంతిపూలు మొదలగు చిన్న సరుకులను గురించి.

ఈ ప్రాంతపు రైతుకు అనేక జిల్లాల రైతులకు లేని సౌకర్యము ఒకటి కలదు. కాసిపేట, మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్ గనులును, దేవాపూర్ సిమెంటు కర్మాగారమును, గోదావరికి ఆవలి ఒడ్డున రామగుండము, గోదావరిఖని గనులును నెలనెలా జీతము తెచ్చుకొను కుటుంబములతో నిండియున్నవి. వీరిలో అనేకులకు పొలము లేదు. ప్రతి దినము కూరగాయలు కొనవలసినవారే. ఐనను మన బెండకాయ తరచుగా బస్తాలలో మంచిర్యాల, బెల్లంపల్లి మార్కెట్లకు పోయి, అచట చేతులు మారి, తోపుడు బండిపై మరల మన ప్రక్క కాలనీకే వచ్చుచున్నది. రైతుకును, కొనువానికిని నడుమ గల ఈ దూరమును తగ్గించుటకే 1999 జనవరి 26న రైతు బజార్లు ప్రారంభింపబడినవి. రైతు బజారు లేని చోట ఆ పనిని కొంతవరకు ఫోను చేయగలదు.

అయితే ఇచట ఒక భ్రమ తొలగించుకొనవలెను. యూట్యూబులోనో, ఫేస్‌బుక్కులోనో వేలమంది చూచినంత మాత్రమున సరుకు అమ్ముడుపోదు. హైదరాబాదులో కూర్చుండి మన వంగతోటను మెచ్చుకొనువాడు రెండు కిలోల వంకాయలకై కాసిపేట రాడు. ప్రకటనకు డబ్బు చెల్లించి పదిమందిని తెచ్చుకొనుట కంటె, ఒకే కాలనీలో ఒకే వరుసలోని ఇరువది ఇండ్లవారిని సంపాదించుకొనుట మేలు. ఎందుచేతనో ఈ క్రింది లెక్క వలన తెలియగలదు. అంకెలు లెక్క చూపుటకు వేసినవే; ధరలు ఆయా దినమున మారుచుండును.

40 కిలోల బెండకాయ కోసితిమని అనుకొందము. మార్కెట్టులో కిలో 20 రూపాయల చొప్పున 800 వచ్చును. ఆటో కిరాయి, హమాలి 120 పోగా మిగులునది 680. అదే బెండలో 25 కిలోలు కాలనీలో కిలో 35 చొప్పున అమ్మిన 875, మిగిలిన 15 కిలోలు ఊరి అంగడికి 20 చొప్పున ఇచ్చిన 300, వెరసి 1,175 రూపాయలు. పెట్రోలు 120, సంచులు 20, సగము దినపు కూలి 200 తీసివేసిన 835 మిగులును. లాభము 155 రూపాయలు. ఇప్పుడు ఆ 25 కిలోలను నాలుగు కాలనీలలో విడివిడిగా ఇచ్చితిమని అనుకొందము. పెట్రోలు రెట్టింపగును, మరియొక సగము దినము పోవును. అప్పుడు మిగులునది 515. మార్కెట్టుకు తోలుకొనిపోయిన దానికంటె తక్కువ. స్వంత మనిషి కూలిని లెక్కలో వేయని రైతుకు ఈ నష్టము కనుపించదు.

కనుక మొదట ఒక్క కాలనీని ఎన్నుకొనవలెను. అచటి ఇండ్లకు ఒకటి రెండు పర్యాయములు స్వయముగా సరుకు తీసికొనిపోయి, కొన్నవారి ఫోను నంబరు అడిగి వ్రాసికొని, వారి ఫోనులో మన నంబరును పేరుతో దాచుకొనుమని కోరవలెను. ఇది చిన్న విషయముగా తోచును గాని మిక్కిలి అవసరము. వాట్సాప్‌లో 'బ్రాడ్‌కాస్ట్' జాబితా ద్వారా ఒకేసారి అందరికి పంపు కబురు, మన నంబరును దాచుకొన్నవారికి మాత్రమే చేరును, తక్కినవారికి అందదు. గ్రూపు పెట్టినచో ఈ చిక్కు లేదు. కాని గ్రూపులో ప్రతివారి నంబరును అందరికి కనుపించును. కొనువారిలో ఎక్కువమంది స్త్రీలు గావున ఇది వారికి ఇష్టముండదు. అదియుగాక పండుగ శుభాకాంక్షలు, రాజకీయములు చేరి కూరగాయల కబురు అడుగున పడిపోవును. బ్రాడ్‌కాస్ట్ జాబితాయే మంచిదని నా అభిప్రాయము. 'వాట్సాప్ బిజినెస్' అను యాప్ ఉచితముగా లభించును. అందులో సరుకుల బొమ్మలు, ధరలు ఒకచోట పెట్టుకొనవచ్చును.

కబురు పంపు వేళ

గనులలో మొదటి షిఫ్టు ఉదయము 7 గంటలకు, రెండవది మధ్యాహ్నము 3 గంటలకు, రాత్రి షిఫ్టు 11 గంటలకు మొదలగును. భూగర్భ గనిలోనికి మామూలు ఫోను తీసికొనిపోరాదు. ఉదయము 8 గంటలకు పంపిన కబురును మొదటి షిఫ్టు కార్మికుడు పైకి వచ్చిన పిదపగాని చూడడు. సాయంకాలము 5, 6 గంటల నడుమ పంపినచో మొదటి షిఫ్టువారు ఇంటికి చేరియుందురు, రాత్రి షిఫ్టువారు ఇంకను బయలుదేరి యుండరు, ఇల్లాలు మరునాటి వంట ఆలోచించుచుండును. రాత్రి 9 గంటల వరకు అడిగినవారి లెక్క చూచుకొని, తెల్లవారుజామున అంతమేరకే కోసి, 7 గంటలకు అందజేయవలెను. ముందుగా కోసి పిమ్మట కొనువారిని వెదకుకొనుట వలననే కూరగాయ వాడిపోవుచున్నది.

కబురు ఇంటిలో మాటాడు మాటలలో, పొట్టిగా ఉండవలెను. ఉదాహరణకు: "రేపు బుధవారం పొద్దున 7 గంటలకు నీళ్ల ట్యాంకు కాడికి వస్తం. బెండకాయ కిలో 35, వంకాయ కిలో 30, పుంటికూర కట్ట 10. బెండకాయ 25 కిలోలే ఉన్నది. రాత్రి 9 లోపు చెప్పుండ్రి." ధర వ్రాయక 'వివరములకు ఫోను చేయుడు' అన్నచో సగముమంది చేయరు. చదువురాని వారికి ఇదే మాటను నోటితో పలికి పంపవచ్చును. వారమునకు రెండు లేక మూడు నిర్ణీత దినములలోనే పంపవలెను. సరుకు లేని దినమున లేదని చెప్పవలెను. చెప్పకుండ రాకపోయిన ఇల్లాలు రెండవసారి మనకై ఎదురుచూడదు, తోపుడు బండిని పిలుచును.

ఫొటో ఆ దినమునదే, ఆ పొలమునదే కావలెను. ఉదయపు వెలుతురులో గంపను నేలపై పెట్టి తీసిన చాలును. ఇతరుల బొమ్మ తీసికొని పెట్టినచో మరునాడు సంచి విప్పగానే తేడా తెలియును. బొగ్గు లారీలు తిరుగు దారి ప్రక్క మడులలో ఆకుకూరపై దుమ్ము పడును. అట్టి కూరను మంచి నీటితో కడిగి, నీరు ఓడ్చి, కట్టలు కట్టి ఇవ్వవలెను. పుచ్చు కాయలను వేరుచేయవలెను. పుచ్చు వచ్చినదని ఎవరైన చెప్పినచో వాదింపక మరునాడు మారు ఇచ్చుట తక్కువ ఖర్చు.

సొమ్ము విషయము

కాలనీలలో 'జీతం నాడు ఇస్తం' అనుట వాడుక. ఇరువది ఇండ్ల అప్పు నెల తిరుగుసరికి చిన్న రైతు ఎరువుల ఖర్చంత అగును. సరుకు ఇచ్చినప్పుడే నగదుగా గాని, క్యూఆర్ చీటి ద్వారా గాని తీసికొనుట మంచిది. చీటి ద్వారా చెల్లించినవారు చూపు తెరను నమ్మక, మన ఫోనులో సొమ్ము జమయైనట్లు చూచుకొనవలెను. ఈ మధ్య ఒక మోసము నడచుచున్నది. సైనిక శిబిరమునుండియో, క్యాంటీను నుండియో మాటాడుచున్నామని చెప్పి, బేరమాడకుండ క్వింటాళ్ల కొలది సరుకు అడిగి, 'డబ్బు పంపుచున్నాము, ఈ చీటిని స్కాన్ చేసి పిన్ కొట్టుము' అందురు. సొమ్ము పంపుటకే పిన్ కావలెను. పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. పిన్ కొట్టిన మన ఖాతానుండి సొమ్ము పోవును. పోయినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

కందిని పప్పు చేసి అమ్ముట లాభమే గాని ధర కట్టుటలో జాగ్రత్త కావలెను. క్వింటాలు కందికి సుమారు 70 కిలోల పప్పు వచ్చును. 2025–26 సంవత్సరపు మద్దతు ధర 8,000 రూపాయల చొప్పున కంది విలువయే పప్పు కిలోకు 114 రూపాయలు పడును. మర కూలి, సంచి, రవాణా దానికి అదనము. పొట్టు, నూక పశువులకు వచ్చుట కొంత ఊరట. 110కి అమ్మినవాడు సరుకు వేగముగా పోయినదని సంతోషించును గాని, ఆ కందిని కందిగా అమ్మిన ఎక్కువ వచ్చెడిది. పప్పు, పసుపు పొడి, పచ్చళ్లు తయారుచేసి అమ్మువారు ఆహార భద్రతా నమోదు పొందవలెను. ప్యాకెట్టుపై పేరు, చిరునామా, నికర తూకము, ప్యాకు చేసిన నెల, గరిష్ఠ చిల్లర ధర ముద్రింపవలెను.

సింగరేణి కార్మికులకు దసరా ముందు లాభములలో వాటా అందుట వాడుక. 2025 సెప్టెంబరులో 34 శాతము ప్రకటింపబడినది. బతుకమ్మ, దసరా దినములలో బంతిపూలు, నాటుకోళ్లు అడుగువారు ఎక్కువ. పూలు ఆ వేళకు కావలెనన్న జూలైలోనే నారు నాటవలెను. పండుగకు పదునైదు దినములు ముందుగా జాబితాలోనివారిని అడిగి, ఎవరికెన్ని కిలోల పూలు, ఎన్ని కోళ్లు కావలెనో వ్రాసికొని, సగము సొమ్ము ముందుగా తీసికొనవలెను. కోళ్లను జత లెక్కన గాక తూకము లెక్కన ఒప్పుకొనుట మంచిది. తూచునప్పుడు త్రాసు కొనువారికి కనబడునట్లు పెట్టవలెను.