3-9×40 రైఫిల్ స్కోప్: స్పెక్ షీట్‌లో ఏ నంబర్ చూడాలి?

ఫోన్ మీద "100ఎక్స్ జూమ్" అని కనిపిస్తే మనం వెంటనే అడిగేది ఒకటే: ఇందులో ఆప్టికల్ ఎంత? రైఫిల్ స్కోప్ స్పెక్స్‌నీ అదే అనుమానంతో చదవాలి.

టెక్సాస్‌లో ఉండే మా బావ జింకల వేటకి వెళ్తుంటాడు. రెండు మోడళ్లు పంపి "ఒరేయ్, ఏది తీసుకోమంటావ్?" అన్నాడు. ఒకటి వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2, ఇంకోటి ల్యూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్. రెండూ 3-9×40లే. అంటే 3 నుంచి 9 రెట్ల జూమ్, ముందు లెన్స్ 40 ఎంఎం. ట్యూబ్ కూడా రెండింటికీ ఒక అంగుళమే.

40ని 9తో భాగిస్తే 4.4. కంటికి చేరే వెలుతురు కట్ట మందం అన్ని ఎంఎంలన్నమాట, దీన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. చీకట్లో కుర్రాళ్ల కంటిపాప 7 ఎంఎం దాకా తెరుచుకుంటుంది కాబట్టి సాయంత్రం 9ఎక్స్‌లో బొమ్మ డల్‌గా ఉంటుంది. 6ఎక్స్‌కి తగ్గిస్తే 6.7 వస్తుంది. ఇది వట్టి లెక్క, ఏ బ్రాండ్ అయినా మారదు. దీన్ని గొప్ప ఫీచర్‌లా రాస్తే దాటేయండి.

అసలు తేడా ఐ రిలీఫ్‌లో ఉంది, అంటే స్కోప్‌కీ కంటికీ మధ్య ఉండాల్సిన దూరం. ఇది తక్కువైతే పేలిన దెబ్బకి రైఫిల్ వెనక్కి తన్ని, స్కోప్ అంచు కనుబొమ్మని చీరేస్తుంది. వోర్టెక్స్ 3.8 అంగుళాలు అని ఒకే నంబర్ ఇస్తుంది. ల్యూపోల్డ్ మాత్రం 3ఎక్స్‌లో 4.2, 9ఎక్స్‌లో 3.7 అని రెండు చెబుతుంది. 3.8 పక్కన 4.2 పెట్టి "ఇదే బెటర్" అనేస్తే తప్పు. జూమ్ పెంచితే ఈ దూరం తగ్గొచ్చు, కాబట్టి ఏ జూమ్ దగ్గరి నంబరో తెలియాలి.

100 గజాల దగ్గర కనిపించే వెడల్పు 9ఎక్స్‌లో వోర్టెక్స్‌కి 12.6 అడుగులు, ల్యూపోల్డ్‌కి 13.6. ఇక్కడా ఒక కిటుకుంది. కొన్ని కంపెనీలు పేరులో 3-9 పెట్టి, పట్టికలో అసలు మాగ్నిఫికేషన్ 3.3 నుంచి 8.5 అని చిన్నగా రాస్తాయి. జూమ్ తగ్గితే వెడల్పు ఎలాగూ పెరుగుతుంది! బరువులో ఈ గొడవ లేదు: 425 గ్రాములు, 346 గ్రాములు. రోజంతా భుజాన మోసేవాడికి ఆ 80 గ్రాములు తెలుస్తాయి. ధర పట్టింపు లేకపోతే నా ఓటు ల్యూపోల్డ్‌కే.

"95 శాతం లైట్ ట్రాన్స్‌మిషన్" అన్న మాటని మాత్రం నేను లెక్కలోకే తీసుకోను. కోటింగ్ లేని గాజు ఉపరితలం ఒక్కొక్కటీ దాదాపు 4 శాతం వెలుతురుని వెనక్కి కొడుతుంది. స్కోప్‌లో అలాంటివి చాలా ఉంటాయి. ఆ 95 ఒక్క లెన్స్‌దా, మొత్తం స్కోప్‌దా? అది రాయకపోతే అర్థం లేదు. దానికంటే "ఫుల్లీ మల్టీ-కోటెడ్" అని ఉందో లేదో చూడండి.

ఇక్కడ ఎయిర్ రైఫిల్ కోసం చూస్తున్నవాళ్లకి లెక్క వేరు. వేట స్కోపులు చాలావరకు 100 గజాలకి సెట్ చేసి వస్తాయి, 10 మీటర్లలో బొమ్మ మసకబారుతుంది. ఫోకస్ 10 గజాల దాకా దిగేది తీసుకోండి. స్ప్రింగ్ గన్ ముందుకీ వెనక్కీ రెండువైపులా తంతుంది కాబట్టి ఎయిర్‌గన్ రేటెడ్ అని రాసి ఉండాలి. 10 మీటర్ల పోటీలకి సిద్ధమయ్యేవాళ్లయితే డబ్బులు దాచుకోండి, అక్కడ స్కోప్‌కి అనుమతే లేదు.