అణువులు తేలే చోటు

వరి రైతు విత్తనపు వడ్లను నీటిలో పోసినప్పుడు తాలు గింజలు పైకి తేలుతాయి. ఆ నీటిలో తగినంత ఉప్పు కలిపితే సగం నిండిన గింజలు కూడా పైకి వస్తాయి. గట్టి గింజలు మాత్రమే అడుగున మిగులుతాయి. గింజలు మారలేదు, ద్రవం సాంద్రత మారింది. వేరుచేయదలచిన వస్తువును బట్టి ద్రవాన్ని సిద్ధం చేసుకోవాలన్న ఈ సూత్రమే, కంటికి కనిపించని అణువులను వేరుచేయడానికి కూడా ఆధారమైంది.

డి.ఎన్.ఏ. అణువు రెండు పేటల మెలికగా ఉంటుందని 1953లో వాట్సన్, క్రిక్ ప్రతిపాదించారు. ఆ అణువు రెండుగా వృద్ధి చెందినప్పుడు పాత పేటలు ఏమవుతాయి? రెండూ కలిసే ఉంటాయా? చెరొక పిల్ల అణువులోకి చేరుతాయా? ముక్కలై అన్నింటిలోనూ కలిసిపోతాయా? ఊహలు మూడు ఉన్నాయి. తేల్చే సాధనం లేదు. అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో పనిచేస్తున్న మాథ్యూ మెసెల్సన్, ఫ్రాంక్లిన్ స్టాల్ ఈ చిక్కును విప్పడానికి పూనుకొన్నారు. ఈ-కోలై బాక్టీరియాను అనేక తరాల పాటు భార నత్రజనితో పెంచి, దాని డి.ఎన్.ఏ.ను బరువెక్కించారు. పిమ్మట దానిని మామూలు నత్రజనిలోకి మార్చారు. ఇక పాత పేట బరువైనది, కొత్త పేట తేలికైనది. అయితే బరువు డి.ఎన్.ఏ.కు, తేలిక డి.ఎన్.ఏ.కు మధ్య సాంద్రతలో భేదం నూటికి ఒక వంతు కూడా లేదు!

సాంద్రత క్రమంగా పెరుగుతూ పోయే ద్రవస్తంభాన్ని సాంద్రతా ప్రవణత అంటారు. 1951లో మైరాన్ బ్రాకి వైరసులను వేరుచేయడానికి గొట్టంలో అడుగున చిక్కని, పైన పలుచని చక్కెర ద్రావణాలను పొరలుగా పోశారు. పరిమాణాన్ని బట్టి వేర్వేరు వేగాలతో దిగే కణాలకు ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. కానీ యంత్రాన్ని సకాలంలో ఆపాలి. డి.ఎన్.ఏ. సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.7 గ్రాములు, చక్కెర ద్రావణం సుమారు 1.3 వద్దనే ఆగిపోతుంది. ఎక్కువసేపు తిప్పితే బరువు, తేలిక అన్న భేదం లేకుండా అంతా అడుగుకే చేరుతుంది. మామూలు ఉప్పు ద్రావణం 1.2 వద్దనే చతికిలబడుతుంది. అందుచేత ఆవర్తన పట్టికలో సోడియం కుటుంబానికే చెందిన, ఎంతో బరువైన సీజియం అవసరమైంది.

సీజియం క్లోరైడుతో పొరలు పోయనక్కరలేదు. ద్రావణాన్ని 1.71 సాంద్రతకు కలిపి, డి.ఎన్.ఏ.ను అందులోనే చేర్చి, నిమిషానికి 44,770 చుట్ల వేగంతో సుమారు 20 గంటలు తిప్పారు. గురుత్వాకర్షణకు దాదాపు 1,40,000 రెట్లున్న ఆ బలం లవణాన్ని అడుగువైపు నెడుతుంది. వ్యాపనం దానిని వెనుకకు పంచుతుంది. ఈ రెండూ సరితూగినప్పుడు ప్రవణత తనంతట తానే నిలుస్తుంది. డి.ఎన్.ఏ. అణువు పైనున్నదైతే దిగి, కిందనున్నదైతే తేలి, తనతో సమానమైన సాంద్రత గల చోట స్థిరపడుతుంది. అక్కడ పట్టీ ఏర్పడుతుంది. వేగం పెంచినకొద్దీ మేలని తోచవచ్చు. నిజానికి పట్టీలు సన్నబడతాయి గాని, వాటి మధ్య దూరమూ అంతే తగ్గుతుంది.

ఒక తరం గడిచిన తరువాత అతినీలలోహిత కాంతిలో తీసిన ఛాయాచిత్రంలో బరువు పట్టీ మాయమై, నడుమ ఒకే పట్టీ కనిపించింది. పాత పేటలు కలిసే ఉంటాయన్న ఊహ అక్కడే వీగిపోయింది. రెండు తరాల తరువాత నడిమి పట్టీ, తేలిక పట్టీ సమానంగా నిలిచాయి. ముక్కలై కలిసిపోతాయన్న ఊహకూ తావు లేకపోయింది. ప్రతి పిల్ల అణువులోనూ ఒక పాత పేట, ఒక కొత్త పేట ఉంటాయని తెలిపే ఆ చిత్రాలు 1958లో ప్రచురితమయ్యాయి.