గవ్వలోకి దూరిన గడ్డిపోచ

పుట్టు చెవుడున్న చాలామందిలో చెవి నుంచి మెదడుకు వెళ్లే నాడి బాగానే ఉంటుంది. పోయేది అంతకుముందు మెట్టు. నత్తగుల్లలా చుట్టుకున్న కోక్లియాలో, కదలికను నాడీ సంకేతంగా మార్చే కణాలు సుమారు 3,500. అవి దెబ్బతింటే మళ్లీ మొలవవు. శబ్దాన్ని పెంచే మామూలు వినికిడి మిషన్ వాళ్లకు ఉపయోగపడదు.

మరి నాడికే నేరుగా కరెంటు అందిస్తే? 1957లో పారిస్‌లో జూర్నో, ఎయిరియెస్ అనే ఇద్దరు ఆ పని చేశారు. రోగికి మాటల నడక తెలిసింది గానీ మాట తెలియలేదు. కొన్నాళ్లకే పరికరం పాడైంది. 1961లో లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ అనే డాక్టర్ మళ్లీ మొదలుపెడితే పెదవి విరిచినవాళ్లే ఎక్కువ.

కీచు ధ్వని కోక్లియా మొదట్లోనూ, బొంగురు ధ్వని కొసనా పలుకుతుంది. కాబట్టి మాట తెలియాలంటే చోటుకొక ఎలక్ట్రోడ్ కావాలి. ఆస్ట్రేలియా డాక్టర్ గ్రేమ్ క్లార్క్‌ను పట్టుకున్న చిక్కు ఇదే: మెలికలు తిరిగిన ఆ గొట్టంలోకి తీగల కట్ట ఎలా పోతుంది? ఆయన తండ్రి చెవుడుతో ఇబ్బంది పడేవాడు. 1977లో సెలవులకు సముద్రపు ఒడ్డుకు వెళ్లిన క్లార్క్, ఒక గవ్వలోకి గడ్డిపోచలు దూర్చి చూశాడు. కొస మెత్తగా, మొదలు బిరుసుగా ఉన్న పోచ మలుపులు తిరుగుతూ లోపలికి పోయింది! 1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో రాడ్ సాండర్స్ అనే రోగికి క్లార్క్ పరికరం అమర్చారు. వియన్నాలో హాక్‌మైర్ దంపతులు తయారుచేసినది అంతకు ఏడెనిమిది నెలల ముందే ఒక రోగి చెవిలో చేరింది.

తీగలు పెరిగితే ఇంకో తంటా. కోక్లియా నిండా ద్రవమే. ఒక ఎలక్ట్రోడ్ కరెంటు పక్కదాని చోటుకు పాకి, అంతా కలగాపులగమవుతుంది. 1991లో అమెరికాలో బ్లేక్ విల్సన్ బృందం వాటికి వంతులు వేసింది. ఏ క్షణంలోనైనా ఒక్కదానికే కరెంటు; మెరుపు వేగంతో వంతు మారుతూ ఉంటుంది. వినడానికి చిన్న సవరణే, కానీ నా దృష్టిలో ఈ యంత్రానికి నోరొచ్చింది అప్పుడే.

అయినా వేల కణాల పనిని 22 ఎలక్ట్రోడ్లు ఎలా చేస్తాయి? పూర్తిగా చేయవు. పెద్దయ్యాక వినికిడి పోయినవాళ్లలో చాలామందికి స్విచ్ వేసిన కొత్తలో మనిషి గొంతు బీప్‌లలాగా, కార్టూన్ బొమ్మ మాటల్లా ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ మెదడు పాత జ్ఞాపకాలతో ఖాళీలు పూరించుకుని దాన్ని మాటగా మార్చుకుంటుంది. పుట్టు చెవుడున్న పిల్లలకు ఆ జ్ఞాపకాలు ఉండవు. అందుకే చిన్న వయసులోనే ఆపరేషన్ చేయాలంటారు. ఆలస్యమైతే శబ్దం అందుతుంది గానీ మాట పట్టుబడదు. మన ఆరోగ్యశ్రీ పథకం పిల్లలకు ఈ పరికరాన్ని ఇచ్చింది. ఆపరేషన్ గంటల్లో ముగుస్తుంది, మాట నేర్పే శిక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది.

సంగీతం దగ్గర మాత్రం యంత్రం ఇప్పటికీ తడబడుతోంది. తాళం తెలుస్తుంది, గమకం జారిపోతుంది.