మలమునందలి మార్పులు

బీర్కూర్ మొదలుగాగల మన ఊళ్లలోని ప్రభుత్వ పాఠశాలలలో విద్యార్థులకు వారమునకొకసారి నీలిరంగు మాత్ర ఇచ్చు పథకము ఉపాధ్యాయులెల్లరు ఎరిగినదే. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును. మాత్ర మింగిన మరునాడు మలము నల్లబడినదని బెదరి కొందరు పిల్లలు దానిని మానివేయుదురు. బెదరనక్కరలేదు. మింగిన ఇనుమంతయు రక్తములోనికి పోదు. మిగిలినది ప్రేగులలో నల్లని సమ్మేళనములుగా మారి వెలుపలికి వచ్చును.

అయితే నలుపంతయు ఒకటి కాదు. జీర్ణాశయములోనో, చిన్నప్రేగు తొలిభాగములోనో పుండుపడి రక్తము కారినపుడు, ఆ రక్తము దిగువకు వచ్చునప్పటికి మార్పుచెంది, మలమును తారువలె నిగనిగలాడునట్లు చేయును. అది అంటుకొనును, దాని దుర్వాసన వేరు. ఇనుపమాత్రవలన వచ్చు నలుపునకు ఆ జిగట, ఆ వాసన ఉండవు. తారువంటి మలము కనబడినచో ఆనాడే వైద్యుని చూడవలెను. కనుక రంగు ఒక్కటే చూచి నిర్ణయమునకు వచ్చుట తగదు.

ఇంతకును మలమునకు సహజమైన గోధుమరంగు ఎక్కడిది? కాలముతీరిన ఎర్ర రక్తకణములలోని హిమోగ్లోబిన్ నుండి బిలిరూబిన్ అను పసుపుపచ్చని పదార్థము పుట్టును. కాలేయము దానిని పైత్యరసముతో ప్రేగులోనికి పంపును. పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు దానిని గోధుమరంగు గల స్టెర్కోబిలిన్‌గా మార్చును. విరేచనములు పట్టుకొన్నపుడు ఈ మార్పునకు వ్యవధి చాలదు. అందుచే మలము ఆకుపచ్చగా కనబడవచ్చును. పైత్యరసమునకు దారిలో అడ్డు ఏర్పడినచో సుద్దవలె తెల్లబారును. బీట్‌రూట్ తిన్నవారికి వచ్చు ఎరుపు ఒకటి రెండు దినములలో పోవును.

దీర్ఘకాలిక ప్రేగువ్యాధులలో సంగతి ఇంత సులభము కాదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరు లిద్దరు స్ప్రూ అను వ్యాధిచే కొద్దిదినముల తేడాతో మరణించిరి. ఆయనయు దానిబారిన పడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బయటపడెను. మనవారు సంగ్రహణి యనునది దీనికి చాలవరకు సరిపోవును. చిన్నప్రేగు లోపలిగోడపై వ్రేళ్లవలె మొలచియుండు చూషకములు ఈ వ్యాధిలో కురుచబడిపోవును. అందుచే ఆహారములోని క్రొవ్వు ఒంటబట్టదు. మలము పాలిపోయి, జిడ్డుతో, దుర్గంధముతో అధికముగా పోవును. ఫోలిక్ ఆమ్లముకూడ అందక పాండురోగము వచ్చును. 1940లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరిన సుబ్బారావుగారి ఆధ్వర్యమున 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. స్ప్రూ రోగుల పాండురోగమునకు అది మందైనది. మన నీలిమాత్రలోనిదియు అదే!

ఇక్కడొక పొరపాటు నమ్మకము కలదు: నీటిపై తేలు మలమంతయు క్రొవ్వుతో నిండినదని. తేలుటకు సాధారణముగా అందు చిక్కుకొన్న వాయువే కారణమని 1972లో లెవిట్, డువేన్ అను వైద్యులు చూపిరి. తేలుట కాక జిడ్డును, పాలిపోవుటను, బరువు తగ్గుటను చూడవలెను.

ఏండ్లతరబడి ప్రేగుబాధ గలవారికి ‘మామూలు’ అనునదే వేరుగా ఉండును. కొందరికి ప్రేగులో పుండేమియు ఉండదు. దాని కదలికలు, స్పర్శ మాత్రము గతితప్పును. వారికి మలబద్ధకము, విరేచనము మార్చిమార్చి వచ్చును. తెల్లని బంకయు పడవచ్చును. అల్సరేటివ్ కొలైటిస్ అనునది అట్టిది కాదు. అందులో పెద్దప్రేగు లోపలిపొర వాచి పుండగును. రక్తము, బంక కలిసి పడును. రాత్రి నిద్రలోకూడ లేవవలసి వచ్చును. కావున మొదటి తెగవారైనను రక్తము చూచినచో, బరువు తగ్గినచో, జ్వరము తోడైనచో, ‘ఇది నా పాత బాధే’ అని ఊరకుండరాదు. రక్తము పడగానే మొలలని తామే నిశ్చయించుకొని నాటుమందులతో కాలము గడుపుట మనలో మరీ ఎక్కువ. మొలలు నిజముగా ఉన్నవారికిని పైన వేరొక పుండో, కంతియో ఉండవచ్చును.

మన దేశములో మరొక చిక్కు. ప్రేగు క్షయ, క్రోన్ వ్యాధి చూపునకు ఒకదానినొకటి పోలియుండును. క్రోన్ వ్యాధికి వాడు స్టీరాయిడ్లు క్షయను ముదిరించును. అందుచే పరీక్షకు ముందే మందు మొదలిడుట ప్రమాదము.

వైద్యునితో ‘కడుపు బాగులేదు’ అని సిగ్గుతో ముగించినచో ఆయనకు ఏమియు తెలియదు. ఎన్నాళ్లనుండి, రోజున కెన్నిమార్లు, రాత్రివేళ లేచుచున్నారా, రక్తము మలముతో కలిసి యున్నదా, పైన అంటియున్నదా, ఏ మందులు మింగుచున్నారు – ఇవి చెప్పవలెను. మలము ఆకృతిని ఏడు తరగతులుగా చూపు బ్రిస్టల్ పటము 1997 నుండి వైద్యులకు సుపరిచితము. వేలితో చూపిన చాలును, నోటితో చెప్పనక్కరలేదు. ప్రేగులో నిజముగా వాపున్నదా అని తెలియుటకు కాల్‌ప్రొటెక్టిన్ అను ప్రోటీనును కొలుతురు. వాపునకు చేరు తెల్ల రక్తకణములనుండి అది మలములోనికి దిగును. చిటికెడు మలముతోనే ఆ పరీక్ష జరుగును.