పలుకు రాని నొప్పి: పసివారి శస్త్రచికిత్సలో నెర్వ్ బ్లాక్

అడగందే అమ్మయినా పెట్టదని సామెత. నొప్పి విషయంలో ఈ సామెత పసిపిల్లలపట్ల చాలాకాలం నిర్దయగా నిజమైంది. నాడీమండలం పరిణతి చెందలేదు గనుక నవజాత శిశువులకు బాధ తెలియదని కొందరు వైద్యులు, ఆ లేత ప్రాణానికి మత్తుమందే ప్రమాదమని మరికొందరు భావించేవారు. 1985లో వాషింగ్టన్ నగరంలో నెలలు నిండని ఒక శిశువుకు, కండరాలను కదలనీయని మందు మాత్రమే ఇచ్చి, గుండె వద్ద శస్త్రచికిత్స చేశారు. ఆ బిడ్డ బ్రతకలేదు. తరువాత ఈ సంగతి తెలుసుకొన్న తల్లి దానిని లోకానికి వెల్లడించగా అమెరికాలో పెద్ద కలవరం పుట్టింది.

ఆ ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానం చెప్పినవారిలో ముఖ్యుడు భారతీయుడే. ఇండోర్‌లో వైద్యవిద్య ముగించి, రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్ చేరిన డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్, తన పరిశోధన ఫలితాలను 1987లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఫెంటనిల్ అనే మందు అందుకొన్న శిశువుల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా ఉన్నాయనీ, ఆపరేషన్ తరువాతి చిక్కులు కూడా తగ్గాయనీ తేలింది. అదే సంవత్సరం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, నవజాత శిశువులకు సైతం మత్తు ఇవ్వాలని సూచించింది.

అయితే మత్తు ఉండేది ఆపరేషన్ ముగిసేవరకే. తరువాతి గంటల మాటేమిటి? మార్ఫిన్ జాతి మందులు నొప్పిని అణచగలవు గాని, మోతాదు మించితే శ్వాసను మందగింపజేస్తాయి. కొందరు పిల్లల శరీరం కోడీన్‌ను అతివేగంగా మార్ఫిన్‌గా మార్చుతుంది. అందువల్లనే 12 ఏండ్లలోపు పిల్లలకు నొప్పి నివారణకై కోడీన్ వాడరాదని ఎఫ్.డి.ఎ. 2017లో హెచ్చరించింది. ఇటువంటి మందుల అవసరాన్ని బాగా తగ్గించే సాధనమే నెర్వ్ బ్లాక్.

నొప్పి ఒక వార్త అనుకొంటే, నాడి దానిని మెదడుకు చేరవేసే తీగ. ఆ వార్త సాగాలంటే సోడియం అయాన్లు నాడీకణంలోకి ప్రవేశించాలి. బుపివకైన్, రోపివకైన్ వంటి మందులు ఆ ద్వారాలను కొన్ని గంటలపాటు మూసివేస్తాయి. గాయం ఉంటుంది, వార్త మాత్రం చేరదు.

హెర్నియా వంటి బొడ్డు దిగువ శస్త్రచికిత్సల్లో ఎక్కువగా వాడేది కాడల్ బ్లాక్. న్యూయార్కు వైద్యుడు మెరెడిత్ కాంప్‌బెల్ పిల్లల్లో దీని వాడకాన్ని 1933లోనే వివరించాడు. బిడ్డ పూర్తిగా నిద్రపోయిన తరువాత, త్రికాస్థి దిగువనున్న చిన్న సందులో మందు ఎక్కిస్తారు. దాని ప్రభావం సుమారు 4 నుండి 6 గంటలు ఉంటుంది. చేతికో కాలికో ఆపరేషన్ అయితే, ఆ నాడిని అల్ట్రాసౌండ్ తెరపై చూస్తూ దాని చుట్టూ మందు వేస్తారు.

“వెన్నులో సూదా? పిల్లవాడి నడుము ఏమైపోతుందో!” అని ఇండియా నుండి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు బెంగపడటం సహజం. కాని వెన్నుపాము అంతకు చాలా పైననే ముగుస్తుంది. పీడియాట్రిక్ రీజినల్ ఎనస్తీషియా నెట్‌వర్క్‌లో చేరిన ఆసుపత్రులు లక్షకు పైగా బ్లాకులను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించాయి. శాశ్వతమైన నాడీ నష్టం ఒక్కటీ నమోదు కాలేదు. తాత్కాలిక నాడీ లోపాలు పదివేలకు 2.4, మందు రక్తంలో చేరి తీవ్ర విషప్రభావం కలగడం పదివేలకు ఒకటికన్న తక్కువ. ఆ విషానికి విరుగుడుగా లిపిడ్ ఎమల్షన్ వాడతారు. అయితే రక్తం సరిగా గడ్డకట్టని పిల్లలకు, సూది వేయవలసిన చోట ఇన్‌ఫెక్షన్ ఉన్నవారికి ఇది సాధారణంగా తగదు.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసినది మరొకటి ఉంది. పగలు హాయిగా ఆడుకొన్న బిడ్డకు, బ్లాక్ దిగిపోగానే, రాత్రివేళ నొప్పి ఒక్కసారిగా తలెత్తవచ్చు. కనుక నొప్పి మందు మొదటి మోతాదు ఏ వేళకు వేయాలో ఆసుపత్రి వదలకముందే తెలుసుకోవాలి. తిమ్మిరి పోయేవరకు బిడ్డను ఒంటరిగా నడవనీయరాదు. వేడి వస్తువులు తగలనీయరాదు.

డాక్టరును ప్రశ్నించడం అమర్యాద అని పలు తెలుగు కుటుంబాల్లో ఒక సంకోచం ఉంది. అమెరికాలో ఆపరేషన్‌కు ముందు ఎనస్తీషియాలజిస్టు వచ్చి మాట్లాడేది ప్రశ్నలు వినడానికి కూడా. ఈ బిడ్డకు బ్లాక్ తగునా? ఎంతసేపు పనిచేస్తుంది? తరువాత ఏ మందు ఇవ్వాలి? నోరులేని బిడ్డ అడగలేనిది అమ్మానాన్నలే అడగాలి.